మసికీ ఒక లెక్క ఉంటుంది

సంపాదకులకు,

అయ్యా,

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో నమూనా ఆవిరి ఇంజన్ల మీద వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. ఇంట్లో ఒక మూల బల్ల వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని, ఎవరికీ పెద్దగా కనిపించని పనిలో గంటలు గడిపే నాలాంటి వారికి ఒక దినపత్రిక నిండు పేజీ కేటాయించడం నిజంగా సంతోషం కలిగించింది. అయితే పెట్టెలోంచి తీసిన కొత్త ఇంజన్ ఏళ్ల తరబడి పట్టాల మీద తిరిగినట్టు కనిపించేలా రంగులు దిద్దడానికి, అంటే మేము వెదరింగ్ అని పిలిచే పనికి, ఆ వ్యాసంలో ఇచ్చిన సలహా మాత్రం నాకు మింగుడుపడలేదు. గోధుమరంగును పలుచగా కలిపి ఇంజన్ అంతటా ఒక పూత వేసి, ఆరిన తర్వాత అక్కడక్కడ తుప్పురంగు అద్దితే సరిపోతుందని అందులో రాశారు. అలా చేస్తే చేతికి వచ్చేది మురికిపట్టిన బొమ్మ మాత్రమే. కొత్తగా ఈ వ్యాపకంలోకి వచ్చేవారు మొదటి ప్రయత్నంలోనే నిరుత్సాహపడకూడదన్న ఉద్దేశంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవైతే మన్నించగలరు.

ఆవిరి ఇంజన్ మీద మురికి ఎక్కడ పడితే అక్కడ చేరదు. నీరు, ఆవిరి, బొగ్గు, బూడిద, నూనె, ఇసుక, బ్రేకుల నుంచి రాలే ఇనుపపొడి, పనిచేసేవారి చేతులు, బూట్లు, ఇవన్నీ ఒక్కొక్కటి ఒక్కో చోట, ఒక్కో దిశలో, ఒక్కో రంగులో తమ గుర్తు వదులుతాయి. ఇంజన్ మీది ప్రతి మరకకూ తల్లీతండ్రీ ఉంటాయి. బ్రష్ చేతిలోకి తీసుకునే ముందు, ఇక్కడ ఈ మరక ఎందుకు పడుతుంది అన్న ప్రశ్నకు జవాబు దొరికితే రంగూ దొరుకుతుంది, చోటూ దొరుకుతుంది, ఎంత వేయాలో కూడా తెలుస్తుంది. జవాబు దొరకకపోతే ఆ మరక వేయకపోవడమే మంచిది.

ఈ సంగతి నాకు పుట్టుకతో తెలిసింది కాదు. నా మొదటి ఇంజన్‌కు నేనూ సరిగ్గా మీ వ్యాసంలో చెప్పినట్టే చేశాను. నారింజరంగు తుప్పును ఉదారంగా పూసి, ఎంతో గర్వపడి, లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైరైన ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమయ్యా, ఇది ఎన్నాళ్లు చెరువులో నానింది?" అని అడిగారు. నేను చిన్నబోయానని గమనించి, చక్రాలను కలిపే సైడ్ రాడ్ల మీద వేలు పెట్టి, "వీటికి తుప్పు పట్టనిస్తే మా ఫోర్‌మన్ మమ్మల్ని బతకనిచ్చేవాడా? బండి ఎక్కే ముందు నూనె పోయడం, కాటన్ వేస్టుతో తుడవడం, అదే కదా మా పొద్దుటి పని" అన్నారు. ఆ రాత్రే ఆ ఇంజన్ రంగంతా కడిగేశాను.

ముందుగా బాయిలర్ సంగతి. బయటికి కనిపించే నున్నని గుండ్రటి ఒళ్లు నిజానికి బాయిలర్ కాదు. లోపలి వేడి బయటికి పోకుండా బాయిలర్ చుట్టూ వేడిని ఆపే పదార్థం కప్పి, దాని మీద పలుచని ఉక్కు రేకు తొడిగి, పట్టీలతో బిగిస్తారు. మనం చూసేది ఆ రేకు. అందువల్ల దాని మీది రంగు అంత తొందరగా మాడదు, పొరలు పొరలుగా లేవదు. దాని ముందు ఉండే స్మోక్‌బాక్స్‌కు సాధారణంగా ఈ తొడుగు ఉండదు. కొలిమి (ఫైర్‌బాక్స్) నుంచి గొట్టాల గుండా వచ్చిన వేడి వాయువులు, సగం కాలిన బొగ్గు నలుసులు నేరుగా ఆ గదిలోకే చేరతాయి కాబట్టి దాని మీద వేసిన నలుపు త్వరగా మెరుపు కోల్పోయి, బూడిదరంగులోకి, ఆ తర్వాత ముదురు గోధుమలోకి మారుతుంది. అమెరికా రైల్వేలలో స్మోక్‌బాక్స్‌కు గ్రాఫైట్ కలిపిన పూత వేసే అలవాటు ఉండడం వల్ల అక్కడి ఇంజన్ల ముందుభాగం వెండి కలిసిన బూడిదరంగులో కనిపించేది. ఒకే ఇంజన్ మీద పక్కపక్కనే ఉన్న ఈ రెండు భాగాలకు ఒకే పూత వేయడం మొదటి పొరపాటు. నా మటుకు నేను ఇంకే పనీ చేయలేని రోజున కూడా స్మోక్‌బాక్స్‌ను బాయిలర్ నుంచి వేరుచేసి చూపే ఒక్క మ్యాట్ (మెరుపులేని) పూత వేస్తాను. ఆ ఒక్కదానితోనే ప్లాస్టిక్ లక్షణం సగం పోతుంది.

స్మోక్‌బాక్స్ తలుపు అడుగుభాగాన్ని ప్రత్యేకంగా చూడాలి. ప్రయాణంలో నలుసులు, బూడిద అక్కడే పోగవుతాయి. తలుపు సరిగా బిగియకపోతే సందుల్లోంచి గాలి లోపలికి పోయి ఆ పోగు మళ్లీ అంటుకుని, బయటివైపు రంగు మాడిపోతుంది. నెలవంక ఆకారంలో తలుపు కింద అంచున కనిపించే ఆ తుప్పు, దాని చుట్టూ పాలిపోయిన బూడిదరంగు, అలా వచ్చినవే. షెడ్డుకు చేరాక ఆ బూడిదను పారతో తోడి బయటికి పోస్తారు కనుక తలుపు ముందున్న పలక మీద, ఇంజన్ ముందు అడ్డంగా ఉండే బఫర్ బీమ్ మీద బూడిద పొడి మిగిలి ఉంటుంది. పొడిరంగులు వాడటానికి ఇంజన్ మొత్తంలో దీనికన్నా తగిన చోటు లేదు.

ఇక నీటి గుర్తులు. వీటిని తెలుపు చుక్కలుగా వేసి చేతులు దులుపుకునేవారే ఎక్కువ. బాయిలర్‌లో పోసే నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. నీరు ఆవిరై పోతుంది, లవణాలు లోపలే మిగిలి చిక్కబడుతుంటాయి. అందుకే బాయిలర్ నీరు ఎక్కడ కారినా, ఆరిన చోట సున్నపు చారిక మిగులుతుంది. ఎక్కడెక్కడ కారుతుంది? బాయిలర్ లోపలి అడుసు కడగడానికి ఫైర్‌బాక్స్ భుజాల దగ్గర పెట్టిన బిరడాల నుంచి కారి, ఫైర్‌బాక్స్ పక్కల మీదుగా నిలువుగా దిగుతుంది. సేఫ్టీ వాల్వ్ లేచినప్పుడు దాని చుట్టూ చిమ్ముతుంది. బాయిలర్‌లో నీరు నురగకట్టి ఆవిరితో పాటు సిలిండర్లలోకి పోయినప్పుడు పొగగొట్టంలోంచి మసి కలిసిన మురికినీరు ఎగజిమ్మి స్మోక్‌బాక్స్ మీద చిందుతుంది. ఈ మూడింటి ఆకారాలు మూడు రకాలు. మొదటిది సన్నని నిలువు గీత, రెండోది మూలం దగ్గర చిక్కగా ఉండి దూరమయ్యేకొద్దీ పలచబడే మచ్చ, మూడోది వెనక్కి సాగిన చిందులు. నీరు బరువుకు లొంగి కిందికే దిగుతుంది కనుక చారిక బాయిలర్ గుండ్రదనాన్ని అనుసరించి వంగాలి, దారిలో పట్టీ అడ్డం వస్తే ఒక క్షణం ఆగినట్టు అక్కడ కాస్త వెడల్పవ్వాలి. రంగు విషయంలో అచ్చమైన తెలుపు వద్దు. బూడిదరంగు, కొద్దిగా పసుపు కలిసిన తెలుపును నీళ్లలా పలుచన చేసి మూడు నాలుగు సార్లు ఒకదాని మీద ఒకటి వేస్తే తప్ప ఆ పొరలు పేరుకున్న లక్షణం రాదు. నీటిలో లవణాలు తక్కువగా ఉండే ప్రాంతంలో తిరిగిన ఇంజన్ మీద ఈ చారికలు అంతగా కనిపించవు. అందుచేత ఆ ఇంజన్ ఏ షెడ్డుదో తెలుసుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

మసి పైనుంచి పడుతుంది, బూడిద అడుగు నుంచి రాలుతుంది. పొగగొట్టం వెనక బాయిలర్ నెత్తి, డ్రైవర్ నిలబడే క్యాబ్ కప్పు మసితో మొద్దుబారిన నలుపులో ఉంటాయి. పక్కలకు దిగేకొద్దీ అది పలచబడుతుంది. ఫైర్‌బాక్స్ కింద బూడిద పడే ఆష్‌పాన్ చుట్టూ ఫ్రేమ్‌ల మీద మాత్రం లేత బూడిదరంగు. చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసుక వదిలే గొట్టాల చివర, ఇసుకపెట్టె మూతల చుట్టూ ఇసుక ఛాయ అతి కొద్దిగా కనిపిస్తే చాలు.

చక్రాల మధ్య సంగతి ఇంతకన్నా ఆసక్తికరమైనది. పోత ఇనుముతో చేసిన బ్రేకు దిమ్మలు చక్రానికి రాసుకుని అరిగినప్పుడు రాలే సన్నని ఇనుపపొడి గాలిలో తుప్పుపట్టి, దారిలోని దుమ్ముతో కలిసి, ఫ్రేమ్‌ల మీద, బ్రేకు దిమ్మల చుట్టూ, ఇంజన్ వెనక బొగ్గు, నీరు మోసే టెండర్ కింది భాగంలో ముదురు గోధుమరంగుగా స్థిరపడుతుంది. మీ వ్యాసకర్త చెప్పిన గోధుమరంగుకు నిజమైన స్థానం ఇదే. దాన్ని బాయిలర్ మీదికి ఎక్కించడంతోనే చిక్కు వచ్చింది. కదిలే రాడ్ల దగ్గర మాత్రం రాజ్యం నూనెది. నూనె పీల్చిన ధూళి తడిగా, నల్లగా, కొద్దిపాటి మెరుపుతో ఉంటుంది. పిస్టన్ కడ్డీ చివరనుండే క్రాస్‌హెడ్ జారే స్లైడ్ బార్లు ఉక్కు రంగులో తళుక్కుమంటాయి. చక్రపు మధ్యభాగం నుంచి అంచు వైపు నూనె చిమ్మిన గీతలు సూర్యకిరణాల్లా వ్యాపిస్తాయి. ముదురు గోధుమరంగులో కొంచెం మెరిసే వార్నిష్ కలిపి రాడ్ల పిన్నుల చుట్టూ, ఇరుసు చివరలు తిరిగే యాక్సిల్ బాక్సుల కింద సన్నని బ్రష్‌తో తాకిస్తే, మిగతా అంతా మ్యాట్‌గా ఉన్నచోట ఆ చిన్న తడి మెరుపు ఇంజన్‌కు ప్రాణం పోస్తుంది. మొత్తం ఇంజన్ ఒకే మెరుపుతోనో, ఒకే మొద్దుతనంతోనో ఉండటం నమూనాను పట్టించే మొదటి గుర్తు అని నా అభిప్రాయం.

మనుషుల గుర్తుల గురించి వ్యాసంలో ఒక్క మాట కూడా లేకపోవడం ఆశ్చర్యంగా అనిపించింది. క్యాబ్ మెట్ల అంచులు బూట్ల రాపిడికి మెరుగెక్కుతాయి. పట్టుకుని ఎక్కే కడ్డీల మీద రంగు నిలవదు. డ్రైవర్ మోచెయ్యి ఆనించే కిటికీ అంచు, స్మోక్‌బాక్స్ తలుపు పిడులు, టెండర్ నీటి మూత చుట్టూ నిలబడే చోటు, ఇవన్నీ మురికి మధ్యలో శుభ్రమైన చోట్లు. దీనికి ఖరీదైన సామగ్రి అవసరం లేదు. మెత్తని 4బి లేదా 6బి పెన్సిల్ మొనను మెట్టు అంచు మీద రెండుసార్లు రుద్దితే అరిగిన ఉక్కు మెరుపు వచ్చేస్తుంది. బ్రిటన్‌లో ప్రధాన మార్గాల మీద ఆవిరి సర్వీసులు 1968 ఆగస్టులో ముగిశాయి. దానికి ముందు కొన్నేళ్లలో కడిగే మనుషులు కరవై, ఇంజన్ మొత్తం మసిలో మునిగి ఉన్నా క్యాబ్ పక్కన నంబరు మాత్రం కనిపించేలా ఒక గుడ్డతో తుడిచి వదిలేసేవారు. నల్లటి మురికి మధ్య ఆ తుడిచిన చోటును చూపించిన నమూనా ఒక్క చూపులోనే ఆ కాలాన్ని చెప్పేస్తుంది.

కాలం ప్రసక్తి వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెబుతాను. ఒకే ఇంజన్ ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటుంది. 1938 జూలై 3న గంటకు 126 మైళ్ల వేగంతో ఆవిరి ఇంజన్ల రికార్డు నెలకొల్పిన బ్రిటిష్ ఇంజన్ మల్లార్డ్‌ను తీసుకోండి. ఆ రోజున అది నీలిరంగులో, చక్రాలను సగం కప్పే రేకు పరదాలతో ఉంది. యుద్ధకాలంలో మరమ్మతులకు అడ్డమని ఆ తరగతి ఇంజన్ల పరదాలు తీసేశారు, రంగు నల్లబడింది. 1950లలో అది ఆకుపచ్చ. ఇప్పుడు ప్రదర్శనశాలలో మళ్లీ 1938 నాటి నీలంలో, పరదాలతో ఉంది. పరదాలున్న నీలి మల్లార్డ్‌కు యుద్ధకాలపు మసి పూసినవారు ఎప్పుడూ లేని ఇంజన్‌ను తయారుచేసినట్టు. అలాగే బ్రిటిష్ రైల్వే కట్టిన చివరి ఆవిరి ఇంజన్ ఈవెనింగ్ స్టార్ 1960 మార్చిలో స్విండన్‌లో పూర్తయి, 1965లోనే సర్వీసు నుంచి తొలగింది. 251 ఇంజన్లున్న ఆ 9ఎఫ్ తరగతిలో మిగతావి నల్లగా, సాధారణంగా మురికిగా తిరుగుతుంటే దీనికి మాత్రం ఆకుపచ్చ రంగు, అంచు గీతలు, రాగి అంచున్న పొగగొట్టం దక్కాయి. దీని తోటి ఇంజన్ల ఫొటో చూసి దీని మీద మురికి వేస్తే సరిపోదు. అయిదేళ్ల బతుకులో ఏ ఏడాదిని చూపిస్తున్నామో ముందు నిర్ణయించుకోవాలి.

టెండర్‌లో బొగ్గు గురించి కూడా ఇలాంటి హెచ్చరికే అవసరం. ప్లాస్టిక్‌తో పోతపోసిన బొగ్గు కుప్పను తీసేసి నిజమైన బొగ్గును నలగ్గొట్టి అతికించమని వ్యాసంలో చెప్పింది సబబే. అయితే ముక్కల పరిమాణం చెప్పలేదు. 15 సెంటీమీటర్ల బొగ్గు పెళ్ల 1:76 నిష్పత్తిలో సుమారు 2 మిల్లీమీటర్లు అవుతుంది. అంతకు మించితే ఫైర్‌మన్ ఎత్తలేని బండలవుతాయి. కుప్పను నింపుగా పోయాలా, ముందువైపు తవ్వి వాడినట్టు చూపాలా అన్నది ఇంజన్ షెడ్డు నుంచి అప్పుడే బయలుదేరిందా, ప్రయాణం చివర ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. బొగ్గు గీరిన లోపలి గోడలకు రంగు మిగలదు, అక్కడ తుప్పును నిస్సంకోచంగా వేయవచ్చు. నీళ్లు పొర్లే మూత చుట్టూ, టెండర్ వెనక గోడ మీద కూడా వేయవచ్చు. అసలు బొగ్గే ఉండకూడని సందర్భాలూ ఉన్నాయి. 25 మాత్రమే తయారైన అమెరికన్ బిగ్ బాయ్ ఇంజన్లలో 4014 నంబరుదాన్ని 2019లో మళ్లీ పట్టాలెక్కించినప్పుడు బొగ్గుకు బదులు చమురుతో నడిచేలా మార్చారు. ఈనాటి 4014 నమూనా టెండర్‌లో బొగ్గు పోయడం, ఎంత చక్కగా పోసినా, తప్పే.

నలుపు రంగు గురించి ఒక మాట. 1:76 నమూనాను 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూడటమంటే అసలు ఇంజన్‌ను సుమారు 46 మీటర్ల దూరం నుంచి చూడటం. అంత దూరంలో మధ్యనున్న గాలి, వెలుతురు నలుపును అచ్చమైన నలుపుగా ఉండనివ్వవు. దానికి తోడు అచ్చ నలుపు మీద నీడలు కనిపించవు కనుక మనం కష్టపడి అమర్చిన గొట్టాలు, మరలు అందులో మునిగిపోతాయి. అందువల్ల నల్ల ఇంజన్‌కు ముదురు బూడిదరంగే ఆధారం కావాలి. అనుభవమున్న చాలామంది మ్యాట్ నలుపు, తోలురంగు గోధుమ, గన్‌మెటల్ (ముదురు లోహపు రంగు) మూడింటినీ పాళ్లు మార్చి మార్చి కలుపుతారు. గన్‌మెటల్ రంగు ఆరాక దాన్ని పొడి బ్రష్‌తో రుద్దితే నూనె పట్టిన లోహపు నిగారింపు వస్తుంది. ఈ దూరం లెక్కే తుప్పుకూ వర్తిస్తుంది. చేతిలో పట్టుకుని చూసినప్పుడు బాగుందనిపించిన మరక పట్టాల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగితే ఎక్కువగా అనిపించడం నాకు ఇప్పటికీ జరుగుతూనే ఉంటుంది. పట్టాల మీద పెట్టి చూశాకే తర్వాతి పొర వేయడం మంచిది.

చిన్న భాగాల అమరికకు వస్తే, చక్కని ఇంజన్‌ను ముందుగా చెడగొట్టేది లావుపాటి చేతికడ్డీలు. అసలు కడ్డీ మందం సుమారు 30 మిల్లీమీటర్లు అనుకుంటే 1:76లో అది 0.4 మిల్లీమీటర్లు, 1:87లో ఇంకా సన్నం. ఒళ్లుతో కలిపి పోతపోసిన ప్లాస్టిక్ కడ్డీ ఒక మిల్లీమీటరు మందం ఉంటే, అసలు ఇంజన్ మీద అది 76 మిల్లీమీటర్ల గొట్టం! దాన్ని పదునైన ఉలితో కొంచెం కొంచెంగా చెక్కేసి, చేతి డ్రిల్‌తో 0.5 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి, సన్నని తీగను అమర్చడం ఒక సాయంత్రం పని. తీగ వెనక పడే నీడే అసలు లాభం, ఏ రంగూ ఆ నీడను ఇవ్వలేదు. ఆ తర్వాత బ్రేకు గొట్టాలు, దీపం తగిలించే కొక్కాలు, ఇసుక గొట్టాలు, బ్రేకులను కలిపే కడ్డీలు. పాత వస్తువుకు ఎన్ని భాగాలు తగిలిస్తే అంత నిజమని అనుకోకూడదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ 6 వేలకు పైగా తయారుచేసిన 52 తరగతి ఇంజన్లలో లోహాన్ని, పనిగంటలను మిగల్చడానికి అనేక భాగాలను కావాలనే తీసేశారు. దాని నమూనాను సరిచేసేవారికి తగిలించే పని కంటే తీసేసే పనే ఎక్కువ.

ఇక్కడ ఒక పిడకల వేట. 1:76 నమూనాలను 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిపేవారే ఎక్కువ. అసలు స్టాండర్డ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1435 మిల్లీమీటర్లు కాబట్టి, కచ్చితమైన 1:76.2 లెక్క ప్రకారం 18.83 ఉండాలి. కొందరు ఈ రెండు మిల్లీమీటర్ల తేడా సరిచేయడానికి చక్రాలన్నీ మార్చేస్తారు. వారి ఓపికకు నమస్కారం. నేను మాత్రం ఆ సమయాన్ని చక్రాల మీది నూనె మీద పెడతాను.

పని చేసే వరుసలో వ్యాసం చెప్పిన రెండు విషయాలను సరిదిద్దక తప్పదు. మొదటిది శుభ్రం చేయడం. కర్మాగారంలో పూసిన నూనె, మన వేళ్ల జిడ్డు ఉన్నచోట రంగు పట్టదు, కాబట్టి ఒళ్లును చక్రాలు, మోటారు ఉన్న అడుగు చట్రం (ఛాసిస్) నుంచి విడదీసి, గోరువెచ్చని సబ్బునీటితో మెత్తని బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. నంబర్లు, గుర్తుల బదిలీ కాగితాలు అతికించాలంటే కింద మెరిసే వార్నిష్ ఉండాలి, లేకపోతే వాటి అడుగున గాలి చిక్కి వెండి మచ్చలు కనిపిస్తాయి. అవి ఆరాక ఆక్రిలిక్ మ్యాట్ లేదా శాటిన్ వార్నిష్, దాని మీద ఎనామెల్ వాష్, అంటే బాగా పలుచన చేసిన ఎనామెల్ రంగు. ఈ క్రమానికి కారణం ఉంది. ఎనామెల్‌ను పలుచన చేసే వైట్ స్పిరిట్ బాగా ఆరిన ఆక్రిలిక్ పొరను కరిగించదు, కనుక వేసిన వాష్ నచ్చకపోతే తుడిచేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. వాష్ వేసి, పది ఇరవై నిమిషాలు ఆగి, స్పిరిట్‌తో కాస్త తడిపిన చదును బ్రష్‌ను పైనుంచి కిందికి మాత్రమే లాగాలి. అడ్డంగా తుడిస్తే ఎంత మంచి రంగైనా దండగే. మూలల్లో, మరల చుట్టూ మిగిలేదే మనకు కావలసిన మురికి. వేసే పని కన్నా తీసే పనితోనే వెదరింగ్ ఎక్కువ కుదురుతుందని నా అనుభవం.

రెండోది పొడిరంగులు. వాటి మీద మ్యాట్ వార్నిష్ కొడితే శాశ్వతంగా నిలుస్తాయని రాశారు. నిలుస్తాయి, కానీ సగం కనిపించకుండా పోతాయి. వార్నిష్ తడి తగలగానే లేతరంగు పొడులు ముదురుతాయి, బూడిద ఛాయ దాదాపు మాయమవుతుంది. రెండు వారాలు కూర్చుని దిద్దిన ఒక ఇంజన్ మీద ఇలాగే చేసుకుని తల పట్టుకున్నాను. మ్యాట్ ఉపరితలం మీద పొడిని బ్రష్‌తో గట్టిగా రుద్దితే చాలావరకు అదే పట్టుకుంటుంది. ఆపైన ఇంజన్‌ను వేళ్లు తగలని చోట పట్టుకుని ఎత్తే అలవాటు చేసుకుంటే చాలు. వార్నిష్ తప్పదనుకుంటే, ముదిరిపోతుందని ముందే లెక్క వేసుకుని పొడిని ఒకపాలు ఎక్కువ వేయాలి.

చక్రాలకు ఎయిర్‌బ్రష్ వాడేవారు ఇంజన్‌ను కదలకుండా పెట్టి కొడితే రాడ్ల వెనక రంగు తగలని నీడలు మిగిలి, ఇంజన్ ఒక్క అడుగు కదలగానే అవి బయటపడతాయి. ఛాసిస్‌కు రెండు తీగలతో కరెంటు ఇచ్చి, చక్రాలు నెమ్మదిగా తిరుగుతుండగా 15 నుంచి 20 పిఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనంతో పలుచగా కొట్టాలి. వెంటనే చక్రాల అంచులను, వాటికి ఆనే కరెంటు పత్తీలను థిన్నర్‌లో ముంచిన కాటన్ బడ్‌తో తుడవాలి. ఇది మరిచిపోయి, మోటారు కాలిపోయిందనుకుని ఇంజన్‌ను విప్పినవారు నాకు తెలుసు. తుడవడానికి ఉక్కుపీచు ఎంత మాత్రం పనికిరాదు. దాని నూగు మోటారు అయస్కాంతానికి అంటుకుంటే వదిలించడం మహా కష్టం. స్ప్రే చేసేటప్పుడు, ఆక్రిలిక్ అయినా సరే, కిటికీ తెరిచి, ద్రావకాల ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకోవాలి. గుడ్డ మాస్కు రంగు నలుసును కొంత ఆపుతుందేమో కాని ఆవిరిని ఆపదు. ఈ జాగ్రత్తను వ్యాసంలో విడిచిపెట్టడం సరికాదు, ఎందుకంటే ఆ పేజీ చదివేవారిలో పిల్లలూ ఉంటారు.

చివరగా ఒక విన్నపం. చిన్న భాగాల అమరిక మీద రెండో వ్యాసం రానుందని అనుబంధంలో ప్రకటించారు. అందులో నమూనాల ఫొటోల పక్కన అసలు ఇంజన్ల ఫొటోలు కూడా వేయండి, ప్రతి దాని కింద తీసిన సంవత్సరం రాయండి. ఇంజన్‌కు రెండు పక్కలూ చూపించండి. డ్రైవర్ నిలబడే పక్కన, బ్రేకు గొట్టాల్లోని గాలిని లాగే ఎజెక్టర్ గొట్టం బాయిలర్ పొడవునా సాగి స్మోక్‌బాక్స్‌లోకి పోయే ఇంజన్లు చాలా ఉన్నాయి, అవతలి పక్కన అది ఉండదు. మొదటి వ్యాసంలో అన్ని ఫొటోలూ ఎడమ పక్కవే కావడంతో, వాటిని చూసి పని మొదలుపెట్టిన ఒక కుర్రవాడు రెండు పక్కలా అదే గొట్టం అతికించి నిన్న నాకు చూపించాడు. కుడిపక్క గొట్టం ఊడదీసి, రంధ్రాలు పూడ్చే పనిలో ఇప్పుడు ఇద్దరం ఉన్నాం.

ఇట్లు,
మీ పాఠకుడు